సువార్తమ్మ కూర్చున్న చోటు

గువ్వలకొట్టాల పాలకేంద్రంలో ఇద్దరు సుందరరాజులు ఉన్నారు. ఒకడు క్యాన్ల వెనక మూలన, యూరియా సంచులు కుట్టి కప్పిన నల్లరాతి మనిషి. ఆళ్లగడ్డలో చెక్కించి తెచ్చారు. రెండోవాడు పొద్దున్నే బర్రె పాలు తెచ్చి, ఫ్యాట్ తక్కువ చూపించిందని మిషన్‌ను, మిషన్ తయారు చేసినవాణ్ణి, వాడి తాతముత్తాతల్ని కలిపి తిట్టే రక్తమాంసాల మనిషి. రెండోవాడు ఎప్పుడు పోతాడా అని మొదటివాడు చాలాకాలంగా కాచుకుని ఉన్నాడు. రెండోవాడికి పోయే ఉద్దేశం ఏ కోశానా లేదు.

ఊరు రుద్రవరం మండలానికి ఒక చివర, కాలువ నీళ్లకు అంతకంటే చివర. పైవాళ్లందరూ తడుపుకున్నాక, మిగిలితే, ఆ మిగిలింది దారి తప్పితే, అప్పుడు గువ్వలకొట్టాలకు వస్తుంది. అలాంటి చోట మూడెకరాల నల్లరేగడి పెట్టుకుని శనగ వేస్తాడు సుందరరాజు. వయసులో ఉన్నప్పుడు మిలిటరీకి వెళ్లి, కార్గిల్ గొడవ ముగిశాక రిటైరై వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఊళ్లో బరువు ఎక్కడుంటే అతను అక్కడ ఉంటాడు. తూములో కంప అడ్డుపడితే పార పట్టుకుని దిగేది అతనే. చావింటికి టెంటు మోసేదీ, పెళ్లింట్లో అన్నం గంగాళం దించేదీ అతనే. పై వీధి, చర్చి వీధి అన్న తేడా అతని భుజానికి తెలియదు. నోటికీ తెలియదు, రెండు వీధుల్నీ సమానంగా తిడుతుంది. మంచివాడని ఊరంతా ఒప్పుకుంటుంది గానీ అతని ఎదురుగా ఎవరూ అనరు, ఆ మాట పూర్తయ్యేలోగా ఏదో ఒక తిట్టు తినాల్సి వస్తుంది.

రెండేళ్ల కిందటి వానలకు ఊరి ముందరి వంక పొంగి, ఊరికీ లోకానికీ సంబంధం తెగిపోయింది. సరిగ్గా ఆ రోజే సంధ్యకు నొప్పులు మొదలయ్యాయి. సంధ్య పై వీధి నారాయణ కూతురు, కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నారాయణ భార్య ఉమామహేశ్వరమ్మ ఊరి సర్పంచి. ఆమె సర్పంచి అన్న సంగతి సంతకాలప్పుడు అందరికీ గుర్తొస్తుంది, మిగతా పనులన్నీ నారాయణే చూసుకుంటాడు. ఆ నారాయణ ఆ రోజు వంక ఒడ్డున నిలబడి ఎమ్మార్వోకూ, ఎస్సైకీ, తెలిసిన ప్రతి నాయకుడికీ ఫోన్లు చేస్తూ ఏడుస్తున్నాడు. సుందరరాజు వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించి తాళ్లతో తన వీపుకు బిగించుకుని, సంధ్యను వెనక్కి తిప్పి కూర్చోబెట్టుకుని, నడుము లోతు నీళ్లలో అడుగు అడుగూ తడుముకుంటూ వంక దాటాడు. దారి పొడుగునా తనను తిడుతూనే ఉన్నాడనీ, నొప్పులకంటే ఆ తిట్లే ఎక్కువ గుర్తున్నాయనీ సంధ్య ఇప్పటికీ చెబుతుంది. ఆళ్లగడ్డ ఆసుపత్రిలో పుట్టిన పిల్లవాడికి మాత్రం సుందర్ అని పేరు పెట్టింది.

నారాయణకు కృతజ్ఞత ఎక్కువ, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియదు. వీధివీధికీ తిరిగి చందాలు పోగుచేసి సుందరరాజుకు విగ్రహం చెక్కిస్తానన్నాడు. బతికున్నవాడికి విగ్రహం పెడితే ఆయుష్షు క్షీణిస్తుందని పెద్దలు అడ్డం పడ్డారు. నారాయణ ఒక పూట ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టాడు.

"చెక్కించి పెడదామన్నా. నువ్వు పోయిన పొద్దు నిలబెడదాం. తొందరేం లేదు."

"తొందర లేకపోతే కొలతలు ఎందుకు తీస్తాండావ్ మరి?" అన్నాడు సుందరరాజు.

"మళ్లీ ఎలక్షన్లలో ఎవరు గెలుస్తారో ఏమో. మా ఇంట్లో పదవి ఉన్నప్పుడే చేస్తే ఒక తృప్తి."

ఊరికి మంచి చేసినందుకు ఇలాంటి శిక్ష కూడా ఉంటుందని సుందరరాజుకు అప్పటిదాకా తెలియదు. అయినా ఊరుకున్నాడు. విగ్రహం ట్రాలీలో దిగిన రోజు మాత్రం ఊరుకోలేకపోయాడు. రాతి సుందరరాజు మీసం మెలేసి, ఛాతీ పొంగించి, రెండు చేతులతో తుపాకిని గుండెలకు అదుముకుని ఉన్నాడు.

"ఈ తుపాకి ఎవునిది?"

"నీదే కదన్నా," అన్నాడు నారాయణ మురిసిపోతూ. "మిలిట్రీ అంటే తుపాకే కదా."

"నాకు తుపాకి యాడిదప్పా? ట్రైనింగులో పట్టుకున్న్యా. ఆ తర్వాత నేను పట్టుకున్నది పగ్గం. ఖచ్చర్ల కంపెనీ నాది. ఎన్నిసార్లు చెప్పాల మీకు?"

నిజానికి ఆ మాట అతను వచ్చినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఖచ్చర్ అంటే కంచరగాడిద. లారీ పోలేని కొండల్లో సైన్యానికి బియ్యం, బాంబులు, నీళ్లు అన్నీ వాటి వీపు మీదే వెళతాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క మనిషి. దానికి దాణా పెట్టి, గిట్టలు శుభ్రం చేసి, దానితోపాటు కొండ ఎక్కి దిగడం అతని ఉద్యోగం. ఒక్క మనిషిని చంపలేదు, చంపాలని గురి కూడా చూడలేదు. ఇది దాచాల్సిన సంగతి అని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. కానీ ఊరు ఒప్పుకోలేదు. నిజం చెబితే వినయం అన్నారు. మళ్లీ చెబితే, అబ్బా ఎంత వినయమో అన్నారు. ఆ గుణం అతనికి అంతకుముందు ఎవరూ అంటగట్టలేదు.

ఇంట్లో జీవమ్మ కూడా తుపాకి పక్షమే. మొగుడు మిలిటరీ అని ఆమె పాణ్యంలో ఉన్న అక్కచెల్లెళ్ల దగ్గర ఇన్నేళ్లుగా తల ఎత్తుకుని తిరిగింది, ఆ తలను ఇప్పుడు గాడిద కోసం దించే ఉద్దేశం ఆమెకు లేదు. పైగా ఆ గాడిదతో ఆమెకు సొంత తగాదా ఉంది. దాని పేరు సువార్తమ్మ. జీవమ్మను కన్నతల్లి పేరు కూడా సువార్తమ్మే.

అందులో సుందరరాజు తప్పు లేదని కాదు. పెళ్లి మాటల నాడు అత్త సువార్తమ్మ గడపలో చతికిలబడి, తన కూతుర్ని నంద్యాల దాటించనని అల్లుడు మాట ఇచ్చేదాకా లేవలేదు. ఎవరు బతిమాలినా లేవలేదు. పాస్టరు గారు ప్రార్థన చేస్తేనూ లేవలేదు. తర్వాత కొన్నేళ్లకు సైన్యంలో అతనికి అప్పగించిన ఆడ ఖచ్చర్ మొదటిరోజే పరేడ్ మైదానం నడుమ కూర్చుని లేవనంది. అతని నోటికి ఆ పేరు దానంతట అదే వచ్చింది. సెలవుల్లో అతనితో పాటు ఒక తమిళ స్నేహితుడు ఇంటికి వచ్చి, అత్త ఎదుటే, సువార్తమ్మ ఇంకా తంతోందా, కొరుకుతోందా అని కుశలం అడిగాడు. ఆ పూట ఇద్దరు సైనికులకూ ఆ ఇంట్లో అన్నం దొరకలేదు. అప్పటి నుంచి సుందరరాజు ఎప్పుడు "ఆ పొద్దు సువార్తమ్మ కూచునింది" అని మొదలుపెట్టినా జీవమ్మ కొంగు దులుపుకుని లేచిపోతుంది. అత్త కాలం చేసి చాన్నాళ్లయింది. జీవమ్మ కోపం మాత్రం ఇంకా పడుచుగానే ఉంది.

ఇలా ఉండగా మొన్న ఎండలో, శనగ చేలో మందు కొడుతూ కొడుతూ సుందరరాజు ఒరిగిపోయాడు. సంధ్య వాళ్ల కారులో నంద్యాల తీసుకుపోయారు. పెద్ద జబ్బేమీ లేదన్నారు డాక్టర్లు, ఖాళీ కడుపుతో ఎండలో మందు కొట్టే వయసు దాటిందన్నారు. సెలైన్ ఎక్కించుకుని, నర్సును నాలుగు తిట్లు తిట్టి, మర్నాడు ఊరికి తిరిగి వచ్చాడు.

ఊరి కూడలిలో గుంత తవ్వి ఉంది. పక్కన సిమెంటు బస్తాలు, ఇసుక. పాలకేంద్రం ముందు రాతి సుందరరాజు యూరియా సంచులు విప్పుకుని, స్నానం చేసి, నూనె రాసుకుని నిగనిగలాడుతున్నాడు. ఎవరో మెడలో బంతిపూల దండ కూడా వేశారు. కారు దిగిన మనిషిని చూసి జనం సంతోషించారు. ఆ సంతోషం వెనక రవ్వంత నిరాశ కూడా ఉంది, చేతికి అందిన పెళ్లి వాయిదా పడ్డట్టు.

నారాయణ గుంత ముందు అడ్డంగా నిలబడ్డాడు. "ఎట్లైనా తవ్వాల్సిందే కదన్నా. మట్టి మెత్తగా ఉండాది కదా అని..."

సుందరరాజు ఆ పూట ఎవర్నీ తిట్టలేదు. జనం దానికే భయపడ్డారు. అతను విగ్రహాన్ని చూస్తూ ఉండిపోయాడు. చావంటే అతనికి పెద్ద బెదురు లేదు, దాని పక్కన పడుకుని లేచినవాడే. కానీ ఈసారి భయం వేసింది. నిన్న లేవకపోయి ఉంటే ఈపాటికి ఆ తుపాకి కూడలిలో నిలబడి ఉండేది. రేపు సంధ్య కొడుకు దాన్ని చూసి, మా తాత ఎంతమందిని కాల్చాడో అని బడిలో చెప్పుకునేవాడు. కాదురా అని చెప్పడానికి తను ఉండడు. తనను బతికించిన జీవం ఒకటుండేదని చెప్పేవాడు అసలే ఉండడు. తను ఉన్నప్పుడే వినని ఊరు, పోయాక వింటుందా?

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు తెచ్చి పాలకేంద్రం ముందు ఆపాడు. నలుగురు కూలీలను పెట్టి రాతి మనిషిని ట్రాలీలోకి ఎక్కించాడు. నారాయణ లుంగీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందన్నా ఇది? ఊరి సొత్తు!"

"ఆ మూతి ఎవునిది? నాదా, ఊరిదా?"

"నీదే..."

"మరి గమ్మునుండు. నా మూతి నేను తీసుకుపోతాండా."

జీవమ్మకు కబురు అందింది. ఆమె కూడా పరుగున వచ్చి ట్రాలీ ఎక్కి, రాతి మొగుడి పక్కన కూర్చుని, తుపాకి మీద చెయ్యి వేసి పట్టుకుంది. "యోవ్, దీని జోలికి పోయినావంటే చూడు. నేనూ వస్తాండా," అంది. ఆళ్లగడ్డ దాకా ఆ చెయ్యి తీయలేదు.

బ్రహ్మయ్యాచారి శిల్పశాల రోడ్డు వారనే. దేవుళ్లూ నాయకులూ ఒకే వరసలో నిలబడి, తలలు ఉన్నవాళ్లు కొందరు, తలలు రావాల్సినవాళ్లు కొందరు, లారీల దుమ్ము కొట్టుకుంటూ ఉంటారు. ఆచారి సంగతంతా విని, తుపాకి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"రాయి నుంచి తీసేయగలను గానీ అతికించలేను పెద్దాయనా. గొట్టం సన్నం చేస్తే కట్టె అయితాది. బాగుంటాది, రైతు చేతిలో కట్టె."

"కట్టె వద్దు." ఎంత వేగంగా అన్నాడంటే ఆచారి తల ఎత్తి చూశాడు. "పగ్గం చెయ్. మెలికలు పెట్టు. ఈ కింద లావుగా ఉండాది చూడు, దాన్ని దాణా సంచి చెయ్."

"అయితాది."

"పక్కన ఖచ్చర్ కావాల."

ఆచారి నవ్వాడు. నిలబడ్డ జంతువుకు కాళ్లు సన్నగా తీయాలి, అంత రాయి లేదు, ఉన్నా నెలలు పడుతుంది అన్నాడు. సుందరరాజు ఆ మాటలు వినడం లేదు. శిల్పశాల మూలన వేపచెట్టు కింద ఒక నంది పడి ఉంది. ఏదో గుడి వాళ్లు చేయించుకున్నది, లారీకి ఎక్కించేటప్పుడు కొమ్ము విరిగింది. విరిగిన నంది పూజకు పనికిరాదని వదిలేసి పోయారు. పనివాళ్లు దాని మీద చొక్కాలు ఆరేసుకుంటున్నారు, మధ్యాహ్నం దానికే ఆనుకుని సద్దన్నం తింటున్నారు.

"అది కూచునే ఉండాది," అన్నాడు సుందరరాజు.

"నంది కూచోకపోతే పరిగెత్తుతాదా?"

"మాది కూడా కూచునింది."

ఆచారి నంది దగ్గరకు వెళ్లి, పనివాడి చొక్కా తీసి పక్కన పెట్టి, సుద్దముక్క అందుకున్నాడు. వినోదం పోయి పని మొదలైన ముఖం పెట్టాడు. "కొమ్ములను చెవులు చేస్తా. కానీ విరిగిన పక్క చెవి పొట్టిగా వస్తాది."

"ఏ పక్క?"

"ఎడమ."

సుందరరాజు దగ్గరకు వచ్చి ఆ విరిగిన కొమ్మును తడిమాడు. "దానికీ ఎడమ చెవి సగమే. చేయప్పా."

"మూపురం?"

"దాన్ని చెక్కి జీను చెయ్. జీను మీద పెట్టెలు. బరువుతోనే కూచునింది అది."

"గంటలు, పట్టెడలు తీసేయాల్నా?"

"ఉండనీ. బతికుండంగా ఏ సోకూ లేదు దానికి."

ఆచారి సుద్దతో గీస్తూనే అడిగాడు. "అలిసిపోయి కూచునిందా, మొండితనానికి కూచునిందా? మెడ దాన్ని బట్టి పెట్టాల."

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సుందరరాజు రాతిపొడిలో గొంతుక్కూర్చున్నాడు. జీవమ్మ ట్రాలీలోనే ఉంది, తుపాకి మీద చెయ్యి వేసుకుని. లేచిపోవడానికి ఆమెకు ఈసారి చోటు లేదు.

"కార్గిల్ కాడ, ద్రాస్ కొండ పైన. తెల్లారతాండాది. దోవ ఎంతుంటాది, మంచమంత. ఒక పక్క కొండ, ఒక పక్క ఏం లేదు. ముందర మా హవల్దారు, ఆయన ఖచ్చర్. ఎనకాల నేను, ఇది. పైన మనోళ్లు బాంబులు అయిపోయి కాచుకోనుండారు. మలుపు రవ్వంత దూరం ఉండంగా ఇది కూచునింది. బరువుతో సహా కూలబడింది. లాగినా, లేయలేదు. తిట్టినా. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టినా, తెలుగులో, హిందీలో. దీని యమ్మనీ, మా అత్తనీ కలిపి తిట్టినా. ఆ మీద కట్టె తీసుకున్న్యా."

ఆచారి గీయడం ఆపలేదు.

"చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టినా. మెడ మీద, ముఖం మీద. అది కండ్లు మూసుకుంటాది, తెరుస్తాది. లేయదు. హవల్దారు మలుపు తిరిగినాడు, బేగా రారా అని చెయ్యూపినాడు. అంతే. మలుపు మీద పడింది గుండు. ఆయన లేడు, ఆయన ఖచ్చర్ లేదు, దోవ కూడా లేదు. ఒక ఇనప ముక్క వచ్చి దీని చెవి కోసుకోని పోయింది. ఆ రక్తంతోనే లేచి నిలబడింది. నేను లేయలేదు, నన్ను అదే మూతితో పొడిచి లేపింది. ఇద్దరం చుట్టు తిరిగి పోయి బరువు పైన దించినాం."

"తర్వాత?"

"తర్వాత ఏముండాది. నేను రిటైరై వచ్చిన మరుసటేడు అది పోయిందని ఫోన్ చేసినారు. కొట్టినందుకు దానికి ఏమని చెప్పాల? చెప్పినా దానికి తెలుగు వస్తాదా?" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "వంకలో ఆ పిల్లను మోసినప్పుడు కూడా అది నడిచినట్లే నడిచినా. గిట్ట పెట్టి, అదిమి చూసి, అప్పుడు రెండో గిట్ట. మోసినోడు మోసినోడు అని అందరూ నా కాళ్లకు మొక్కుతారు. నేర్పించిందాన్ని అడిగినోడు లేడు."

ఆచారి నంది మెడ మీద చేత్తో తట్టి, "అయితే మొండితనమే. మెడ కొంచెం లోపలికి తీస్తా," అన్నాడు.

సుందరరాజు లేచి ట్రాలీ వైపు చూశాడు. జీవమ్మ చెయ్యి తుపాకి మీద లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. తిరుగు ప్రయాణంలో ఆమె ఒకే ఒక్క మాట మాట్లాడింది. "రాయి మీద పేరు మాత్రం రాయించొద్దు." సరేనన్నాడు.

చెక్కడం అయిపోయాక రెండు రాళ్లూ ఊరికి వచ్చాయి. మనిషి రాయిని ఇంటికి తోలుకుపోయి బర్రెల కొట్టంలో నిలబెట్టాడు. ఖచ్చర్‌ను తిన్నగా కూడలికి తీసుకుపోయి, తన కోసం తవ్విన గుంతలోనే కట్ట కట్టించి, ఒక పక్కగా కూర్చోబెట్టాడు. మిగతా సగం కట్ట ఖాళీ.

"ఇది ఎప్పుడో పోయింది," అని జనానికి వినిపించేలా అరిచాడు. "దీనికి ఆయుస్సు క్షీణించేది ఏం లేదు. నా చోటు పక్కన ఉండాది. నేను వచ్చినప్పుడు వస్తా."

నారాయణ నెత్తి కొట్టుకున్నాడు. "ఊరి నడిబొడ్డున గాడిదా? పక్కూరోళ్లు మన మొగాన ఉమ్మరా? మొన్నటిదాకా ఈ కూడలికి ఒక మర్యాద ఉండె!" చర్చి నుంచి ఆనందరావు పాస్టరు గారు కూడా వచ్చి, రాతిబొమ్మల వ్యవహారం మనకు తగదు రాజూ అని మెల్లగా మందలించబోయారు. "మట్టల ఆదివారం పొద్దు ప్రభువు ఎక్కేదానికి మీకు గాడిద కావాల. మిగతా పొద్దులు చేదా అయ్యగారూ?" అన్నాడు సుందరరాజు. పాస్టరు గారు ఆ విషయం ఆలోచించి చెబుతానని వెళ్లిపోయారు.

నారాయణ మాత్రం వదల్లేదు. రాయి పెరికించడానికి ఆళ్లగడ్డకు ఫోన్ చేసి క్రేను రమ్మన్నాడు. క్రేను వచ్చేలోగా కొండమ్మవ్వ వచ్చింది. పై వీధిలో అందరికంటే పెద్దది, కళ్లల్లో శుక్లాలు. ఆమె చేతికర్ర ఆనించి కట్ట ఎక్కి, రాతిని తడిమింది. మెడలో గంటలు తగిలాయి. పట్టెడలు తగిలాయి. మడిచిన ముంగాళ్లు తగిలాయి.

"నందయ్య కదరా!" అంది వణుకుతున్న గొంతుతో. "మహానంది పోలేని ముసిల్దాని కోసం ఈడికే వచ్చినావా సామీ!"

"అవ్వా, అది నంది కాదు. ఖచ్చర్," అన్నాడు సుందరరాజు.

"థూ, నోరు కడుక్కోపో. నీ తిట్లు దేవుని కాడ కూడానా?"

చెంబుడు నీళ్లు పోసి, కుంకుమ పెట్టింది. ఆమె వెనక కోడలు, కోడలి వెనక వీధి. క్రేను వచ్చేసరికి అగరొత్తుల పొగలో రాయి సగం మునిగి ఉంది. క్రేను డ్రైవరు దిగి, చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, ఇంత బొట్టు కూడా పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. పెరికించమని మళ్లీ అనే ధైర్యం నారాయణకు లేదు. రెండోరోజుకల్లా దాన్ని తనే తెప్పించానని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఊరు సంతోషంగా ఉంది. సుందరరాజు మాత్రం సంతోషంగా లేడు. తుపాకి పోయిందనుకుంటే నంది వచ్చింది. కొట్టంలో రాతి మనిషి చేతికి బర్రెను కట్టేస్తూ, "మనిద్దర్లో ఎవుడు పోయినా నిజం చెప్పేవాడు లేడురా," అని వాడితోనే మొరపెట్టుకున్నాడు. ఖచ్చర్ రాయి వచ్చిన నాటి నుంచి జీవమ్మ కూడలి మొహం చూడడం లేదు, అంగడికి పోవాలన్నా చుట్టుదారిన పోతోంది. తన తల్లి పేరు పెట్టించుకున్న గాడిదకు ఊరంతా దండాలు పెడుతుంటే ఆమెకు ఎలా ఉంటుందో అతను ఊహించుకోగలడు. అందుకే ఆ ఊసు ఎత్తలేదు.

ఒకరోజు కాలువకు నీళ్లు వదిలారని తెలిసి, తెల్లవారుతూనే పార భుజాన వేసుకుని బయలుదేరాడు. జీవమ్మ మంచం ఖాళీగా ఉంది. పాలకు పోయిందేమో అనుకున్నాడు. కూడలి దగ్గరికి వచ్చేసరికి ఎవరో గట్టిగా తిడుతున్న గొంతు వినిపించింది. ఊళ్లో తనను మించి తిట్టేవాళ్లు ఎవరా అని ఆగాడు.

జీవమ్మ. కట్ట మీద, అతనికని వదిలిన ఖాళీ చోట్లో కూర్చుని ఉంది. రాతి మూతి ముందు విస్తరాకులో నానబెట్టిన శనగలు పెట్టి ఉన్నాయి. ఆమె కొంగు తడిపి ఖచ్చర్ ముఖం రుద్దుతోంది.

"ఎవుర్తే ఈ పని చేసింది? బుద్ధి ఉండాల. కండ్ల నిండా కుంకుమ పోసినారు మా అమ్మకు!"

సుందరరాజు భుజం మీది పార జారి కింద పడింది. ఆ చప్పుడుకు ఆమె తిరిగి చూసింది. ఏడ్చిన కళ్లే, కోపం మాత్రం తగ్గలేదు.

"ఏందీ చూస్తాండావ్? ఇన్నేండ్లు నాకు సగమే చెప్పినావు."

"నువ్వు విన్న్యావా?"

"లేచిపోతే ఎంటపడి చెప్పాల. నా తాళి నిలబెట్టిందని చెప్పాల. ఊరందర్నీ ఎంటపడి తిట్టడం వస్తాది గానీ ఇది చెప్పడం రాదా నీకు?" కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్లీ రాతి వైపు తిరిగింది. "చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టినా అంటివే. పో. ఆ చేత్తోనే నీళ్లు తెచ్చి కడుగు."

అతను కొళాయి దగ్గరకు వెళ్లి బిందె నింపుకుని వచ్చాడు. ముందు పొట్టి చెవి మీద పోశాడు. తర్వాత మెడ మీద, ముఖం మీద, కట్టె దెబ్బలు పడిన చోటల్లా పోసి అరచేత్తో రుద్దాడు. కుంకుమ పళ్లేలతో వచ్చిన ఆడవాళ్లు జీవమ్మను చూసి దూరంగానే ఆగిపోయారు. తమకు పడబోయే తిట్ల కోసం ఎదురు చూశారు. సుందరరాజు తల ఎత్తలేదు. ఒక్క తిట్టు కూడా తిట్టకుండా, మడిచిన కాళ్ల సందుల్లో పేరుకున్న ఎరుపంతా పోయేదాకా కడుగుతూనే ఉన్నాడు.